ఒక పక్కే నమిలే బాపు

మా బాపు ముఖం గీయడం కంటే మా ఎడ్ల ముఖాలు గీయడం నయం. ఎడ్లయినా కాసేపు నెమరు ఆపుతాయి, నన్ను కన్న ఈ తండ్రి దవడ మాత్రం ఆగదు. చెరుకు కోతలు మొదలైతే చేతిలో ఎప్పుడూ ఒక గడ ఉండాల్సిందే.

డ్రాయింగ్ పరీక్షకు నిజామాబాద్ వెళ్తానని అడిగితే, ఏడో తరగతితో బడి మానేసిన పిల్లకు పరీక్షేమిటని బాపు నవ్వాడు. తర్వాత షరతు పెట్టాడు.

"నా బొమ్మ గియ్యి. సూసినోళ్లు నేనే అంటె తోల్కపోత. లేకుంటె కుట్టుమిషన్ నేర్సుకో."

కుట్టుమిషనంటే నాకు ఒళ్లుమంట. ఆ రోజే గీశాను. పక్కింటి అత్త చూసి, "ఎవలే గీయన, పట్వారి లెక్కున్నడు" అంది.

ఏడుపు మొహంతో మా పాత బడి డ్రాయింగ్ సారు దగ్గరికి పోయాను. "తోలు కింద ఏమున్నదో తెల్వకుండ మొఖమెట్ల గీస్తవు బిడ్డా" అని, మనిషి పుర్రె, దాని మీది కండరాలు ఉన్న పాత చార్టు ఒకటి ఇచ్చారు. దాన్ని గోడకు తగిలించానో లేదో, మా అవ్వ, అంటే కన్నతల్లే, చేతిలో చాటతో వచ్చి నిలబడింది.

"సల్లటి ఇంట్ల పుర్రె బొమ్మేందే? దీపం బెట్టే యాల్ల గిది సూడాల్నా నేను?"

"సదువుకునేదవ్వా."

"గట్లయితె బర్రెల కొట్టంల సదువుకో."

బర్రెల మధ్యే చదువుకున్నాను. కళ్లు తల ఎత్తులో సగానికి ఉంటాయని, దవడ చెవి ముందు కీలు మీద ఆడుతుందని తెలిసింది. రోజంతా నా ముఖం నేనే తడుముకుంటుంటే, పిల్లకు పంటినొప్పి అని అవ్వ వాడంతా చెప్పింది.

మళ్లీ గీశాను. అన్నీ చార్టులో ఉన్నట్టే, రెండు పక్కలూ సమానంగా వచ్చాయి. అత్త ఈసారి పట్వారి అని కూడా అనలేదు. "ఎవలో మంచి మనిషే" అంది.

చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో ఉన్నప్పుడే బాపు ఒక్కచోట కూర్చుంటాడు. సద్దితో పాటు కాగితాలు కూడా పట్టుకుపోయాను.

"జర నమలుడు ఆపు బాపు."

"బండి కదలకపాయె. నోరన్న కదలొద్దా?" అని ఇంకో ముక్క కొరికాడు.

విసుగొచ్చి పెన్సిల్ పక్కన పడేసి చూస్తూ కూర్చున్నాను. నమిలినప్పుడల్లా కుడి దవడ మూలన కండ ఉబ్బుతోంది, కణత కూడా కదులుతోంది. ఎడమ పక్క అసలేమీ లేదు. లేచి రెండు చెంపలూ పట్టుకున్నాను. కుడిది గట్టి ముద్ద, ఎడమది మెత్తగా లోపలికి పోయింది.

"ఎడమ దిక్కు నమలవా?"

"ఆ దిక్కు పండ్లు ఊడి ఎన్నేండ్లాయె."

రోజూ ఎదురుగా కూర్చుని తింటున్నా ఈ సంగతి నాకు తెలియదు. చార్టులోని మనిషేమో చెరుకు నమిలినవాడు కాదాయె.

అక్కడే గీశాను. కుడి దవడ వెడల్పుగా, ఎడమ చెంప గుంటగా. వెనక బండి ఆయన తొంగి చూసి, "మామా, అచ్చం నువ్వే" అని నవ్వాడు. బాపు కాగితం లాక్కున్నాడు.

"నా మొఖం గింత వంకరనా? సక్కగ జెయ్యి, తోల్కపోత."

తల బాదుకోవాలనిపించింది. "సక్కగ జేస్తె నువ్వు గావు. నువ్వు గాకుంటె పరీక్ష లేదంటివి. నేనేం జెయ్యాలె, నువ్వే జెప్పు."

బాపు కాగితం నా చేతికిచ్చి ఎడ్ల వైపు తిరిగాడు. ఆ సాయంత్రం ఇంట్లో గడ్డం గీసుకునే అద్దం తీసుకుని వాకిట్లో కూర్చున్నాడు. రెండు చెంపలూ నొక్కుకున్నాడు. చెరుకు ముక్క నోట్లో వేసుకుని, నములుతూ చూసుకున్నాడు.

"ఇగ సాలు. నీ మొఖం గదే. రోజు సూసేదాన్ని నేనున్న గద, నన్నడుగు" అంది అవ్వ పొయ్యి దగ్గరి నుంచి.

బాపు అద్దం మేకుకు తగిలించి, నా వైపు చూడకుండా, "నిజామాబాద్ బస్సు పొద్దుగాల ఎన్నిటికి?" అని అడిగాడు. నేను చెప్పేలోపే, "కుడి దౌడ మాత్రం జర తగ్గియ్యి" అన్నాడు.

నేను తగ్గించలేదు.