స్పారు లోపలి పసుపు

నా రిటైర్మెంటుకు రెండేళ్లు ఉందనగా, ఒక జూన్ నెలలో, మా విమాన కర్మాగారం నాణ్యతా విభాగం నన్ను మూడు రోజుల పని మీద కోరుట్ల పంపింది. అప్పటికి నేను సీనియర్ ఇన్‌స్పెక్టర్ని. కర్ర అతుకులు పరీక్షించడం నా పని. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషినని సెక్షన్లో నాకు పేరుండేది. అది నిందో పొగడ్తో నేనెప్పుడూ అడగలేదు.

కోరుట్లలో మోటార్లు బాగుచేసే రాజేశం రెండు సీట్ల చిన్న విమానం సొంతంగా కడుతున్నాడు. రెక్కల స్పారు తయారైంది. అతని అర్జీ మీద, దాన్ని పాస్ చేయాలో వద్దో నేను తేల్చాలి. స్పారంటే ఇంటికి దూలం లాంటిది. ఈ కొస నుంచి ఆ కొస దాకా రెక్కల లోపల సాగుతుంది. గాల్లో విమానం బరువంతా దాని మీదే. అది విరిగితే ఇక చేసేదేమీ ఉండదు.

రేకుల షెడ్డులో స్పారును చూశాను. ఇరవై ఆరు అడుగుల పొడవు. సన్నని కర్ర పట్టీలను ఒకదాని మీద ఒకటి ఎపాక్సీ జిగురుతో అతికించి చేసింది. ఎక్కడా గోరు దూరే సందు లేదు. చేసినవాడు నరసింహాచారి, అరవై దాటిన వడ్రంగి. అంతకుముందు ఆయన చేసినవన్నీ దర్వాజాలు, మంచాలు. మా కర్మాగారంలో యంత్రాలు చేసే పనిని ఆయన చిత్రికతో చేశాడు.

జిగురు కలిపిన ప్రతిసారీ అదే కర్ర ముక్కలతో ఒక నమూనా అతికించి పెట్టాలని నియమం. ఆరాక దాన్ని విరగ్గొడతాం. కర్ర చీలితే అతుకు మంచిది, అతుకే ఊడితే పనికిరాదు. నమూనాలన్నీ కర్ర దగ్గరే చీలాయి. సంతకం పెట్టడమే మిగిలింది.

అలవాటు కొద్దీ భూతద్దం పెట్టి స్పారు మధ్య భాగం చూశాను. ఎపాక్సీ ఆరితే తేనె రంగులో ఉంటుంది. ఒకచోట మాత్రం అతుకు గీత పసుప్పచ్చగా ఉంది. ఇదేమిటని చారిని అడిగాను.

"పసుపు సారూ," అన్నాడాయన, దాచేదేముందన్నట్టు. "నువ్వుల నూనెల కలిపి వెట్టిన. పసుపు వెట్టకుంట దర్వాజనే నిలవెట్టం, మనిషిని మోసే కట్టెకు వెట్టకపోతే ఎట్ల? నడిమిట్లనే బరువెక్కువ పడ్తదని రాజేశం చెప్పిండు. గందుకే గాడ జర నిండుగ వెట్టిన."

నూనె తగిలిన చోట జిగురు పట్టదు. నమూనాలకు ఆయన పసుపు పెట్టలేదు. అవి ఉత్త ముక్కలు కదా!

రాజేశం ముఖం పాలిపోయింది. "మూడు నెలల కష్టం సార్. మీదికెల్లి పట్టీ ఏసి గట్టిగ బిగిస్తం," అని బతిమాలాడు. జాలేసింది. అయినా ఒప్పుకోలేదు. నేలమీదైతే చేతులు కాలాక ఆకులైనా పట్టుకోవచ్చు, ఆకాశంలో అవి కూడా దొరకవని చెప్పి ఎర్ర చీటీ కట్టాను. ఎర్ర చీటీ అంటే తిరస్కరణ.

చారి ఉలి తెచ్చి ఆ గీతలో పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. పట్టీ ఊడి వచ్చింది. చీలిక లేదు, పీచు లేదు. నున్నటి కర్ర మీద ఆయన బొటనవేలి పసుపు ముద్ర చెక్కు చెదరకుండా ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"గిది నా చెయ్యి. నేనే కోస్త," అని రంపం అందుకున్నాడు. అంతటి స్పారును రెండు ముక్కలు చేసేదాకా ఆగలేదు.

దసరా వెళ్లాక మళ్లీ పిలుపు వచ్చింది. చారే మళ్లీ చేసిన కొత్త స్పారును తలకిందులుగా స్టాండుకు బిగించాం. గాలి పైకి నెట్టే బలానికి బదులు, రాయికల్ నుంచి తెచ్చిన వడ్లు కాంటా మీద తూచి, సంచుల్లో కట్టి రెండు వైపులా సమంగా వేలాడదీశాం. మాది సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు, నూలు బిగువు నా చేతికి తెలుసు. బరువు వేయకముందే స్పారు వెనక ఒక పోగును దాని అంచుకు సరిగ్గా లాగి కట్టాను.

సంచి సంచికీ కొసలు పోగును వదిలి కిందికి వంగాయి. ఒకసారి కిర్రుమంది. రాజేశం కళ్లు మూసుకున్నాడు, చారి మూయలేదు. లెక్క ప్రకారం మోయాల్సిన బరువంతా మోసింది. సంచులు దించుతుంటే కొసలు మెల్లగా పైకి లేచి, మళ్లీ పోగు దగ్గరికే వచ్చి ఆగాయి. వెంట్రుక వాసి తేడా లేదు. ముప్పై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ని, నాకు ఒళ్లు జలదరించింది. సంతకం పెట్టాను.

అప్పుడు చారి నన్ను అడిగాడు: "ఇగ పైన పసుపు వెట్టుకోవచ్చా సారూ?" పెట్టుకోమన్నాను. వార్నిషు మీద బొట్టుకు ఏ నియమమూ అడ్డు లేదు.

అంతవరకు పనివాళ్లను నేను ఒకటే అడిగేవాణ్ని: ఎక్కడ అశ్రద్ధ చేశారని. మిగిలిన సర్వీసులో దానికి ముందు ఇంకో ప్రశ్న చేర్చాను: దీని మీద ప్రేమకొద్దీ ఏం చేశారని. లోపాలు ఎక్కువగా ఈ కొత్త ప్రశ్నకు వచ్చిన జవాబులోనే దొరికాయి.