తెలుగులో చెప్పకుండా వదిలేసిన వాక్యం

ఒక వాక్యం చాలా ఏళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. ఒకరు నాకిచ్చి, పక్కనున్న మనిషికి అందించమన్నారు. నేను అందించలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళందరి దగ్గరా నేను మంచి టీచర్ని.

చిన్నప్పటి నుంచీ పుస్తకాలు చదివినదాన్ని. తప్పును అందంగా చెప్పే పద్ధతులు కొన్ని నాకు తెలుసు. అవి వాడకూడదనుకుని కూర్చున్నాను. వాడితే మీరు తప్పును వదిలేసి రాతను చూస్తారు.

దోహాలో, ఐన్ ఖాలిద్ వైపు, ఒక విల్లాను బడిగా మార్చిన చిన్న భారతీయ పాఠశాలలో నేను తెలుగు చెప్పేదాన్ని. ప్రపంచ కప్ కోసం ఊరంతా తవ్వి పెట్టిన రోజులవి. ఇవాళ వెళ్ళిన రోడ్డు రేపు మూసేసి ఉండేది. అంతకు ముందు మా దగ్గర చదివింది ఎక్కువగా ఇంజినీర్ల పిల్లలు, బ్యాంకు ఉద్యోగుల పిల్లలు. ఇక్కడే పుట్టి ఇంగ్లీషులోనే పోట్లాడుకునే పిల్లలు. స్టేడియంల పని పెరిగాక క్రేన్ ఆపరేటర్లకూ ఫోర్‌మన్లకూ ఓవర్‌టైం పెరిగింది. వాళ్ళలో కొందరు ధైర్యం చేసి, ఫ్యామిలీ వీసా తీసుకుని, భార్యాపిల్లల్ని తెచ్చుకున్నారు. జగిత్యాల వైపు, నిజామాబాద్ వైపు తెలుగు మీడియం చదివిన పిల్లలు ఏడులోనో ఎనిమిదిలోనో వచ్చి మా బెంచీల మీద కూర్చున్నారు.

బడి వాళ్ళను సంతోషంగానే చేర్చుకుంది. పదో తరగతి ఫలితాల మాట వచ్చేసరికి ఆ సంతోషం తగ్గింది. గేటుకు ఏటా కట్టే బ్యానర్ మీద నూటికి నూరు అని ఉండాలి. అందుకని తొమ్మిదిలోనే, బోర్డుకు పేర్లు పంపకముందే, తప్పేలా ఉన్న పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచేవాళ్ళు. ఊళ్ళో చదివించుకోండి, అక్కడైతే తేలిక అని చెప్పేవాళ్ళు. అలా పిలిచినవాళ్ళలో ఇంజినీరు ఒక్కడూ ఉండేవాడు కాదు. ఇంజినీర్ల పిల్లలకు మార్కులు తగ్గితే ట్యూషన్ పెట్టించమనేవాళ్ళం. ఆ తేడా నాకు కనిపించింది. నేను ఎవరినీ అడగలేదు.

ఆ పిల్లను రవళి అంటాను. అసలు పేరు కాదు. తండ్రిని నర్సయ్య అంటాను. ఆయన అల్ తుమామాలో, స్టేడియం కడుతున్న చోట క్రేన్ నడిపేవాడు. ఉమ్ ఘువైలినాలో, చెక్కలు కొట్టి విడగొట్టిన ఒక ఫ్లాటులో, ఒక గదిలో ముగ్గురూ ఉండేవాళ్ళు. సైన్సూ లెక్కలూ ఇంగ్లీషులో ఆ పిల్లకు అందేవి కావు. నా పీరియడ్‌లో మాత్రం తల ఎత్తేది. "గట్లనే" అంటే నేను "అలాగే" అని దిద్దేదాన్ని. క్లాసు నవ్వేది. ఒకసారి తను కూడా నవ్వి, "మీ లెక్క మాట్లాడితే మా బాపు నన్ను గుర్తువట్టడు మేడం" అంది.

ఆ ఏడు రవళి చదివే తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని నేనే. మా ఆయనకు అప్పటికే ఉద్యోగం పోయింది. ఇల్లు నా జీతం మీద, నా వీసా మీద నడుస్తోంది. నా తరగతిలో ఎవరు తప్పినా జవాబు నేనే చెప్పాలి, ఆ తర్వాత నన్ను ఉంచుకుంటారో లేదో తెలియదు. ఇది కారణం. రాశాక చూస్తే చాలా చిన్నగా ఉంది. నిజంగా భయమేనా? లేక ఆ మధ్యాహ్నం త్వరగా అయిపోవాలని, ఇంటికి వెళ్ళి పడుకోవాలని అనుకున్నానా? ఇన్నేళ్ళు వెతికినా నాకు పెద్ద కారణం దొరకలేదు.

పిలిచిన రోజు బడి వదిలాక నర్సయ్య డ్యూటీ మధ్యలో పర్మిషన్ అడిగి వచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు. బూట్లకు సైటు దుమ్ము అలాగే ఉంది. రవళి ఆయన పక్కన కూర్చుంది. ప్రిన్సిపాల్‌కు తెలుగు రాదు. నర్సయ్యకు సైటులో నేర్చుకున్న హిందీ వచ్చు, కానీ బిడ్డ చదువు సంగతి ఆ హిందీలో మాట్లాడడం ఆయనకు ఇష్టం లేకపోయింది. "మన టీచరమ్మ చెప్తది" అని నా వైపు తిరిగాడు.

ప్రిన్సిపాల్ ఇంగ్లీషులో, నిదానంగా చెప్పారు. పాప మార్కులు ఇలా ఉన్నాయి, ఊళ్ళో చదివించడం మంచిదని మా సలహా. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. ఆ మాటను తప్పకుండా చెప్పమని నాతో ప్రత్యేకంగా అన్నారు. ఆవిడ చెడ్డమనిషైతే నాకు ఎంత బాగుండేది.

మొదటి సగం చెప్పాను.

"ఇక్కడ పది గట్టెక్కడం కష్టం నర్సయ్య గారూ. ఊళ్ళో అయితే పాపకు తేలిక."

"ఇంకో తొవ్వ లేదా టీచరమ్మా? ఒక్క ఏడు సూద్దుము. ట్యూషన్ పెట్టిస్త. ఓవర్‌టైం ఇంకింత జేస్త."

రెండో సగం చెప్పాల్సింది అక్కడే. ఆయన నోటితోనే అడిగాడు. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ అడగరు.

"లేదండీ. బడివాళ్ళు నిర్ణయం తీసుకున్నారు."

"గంతేనా. సరే తియ్యుండ్రి. మీరు చెప్తున్నరంటే మా మంచికే."

ఏమంటున్నాడని ప్రిన్సిపాల్ అడిగారు. ఒప్పుకున్నాడని ఇంగ్లీషులో చెప్పాను.

అప్పుడు రవళి నా వైపు చూసింది. ఏడవలేదు, కోపంగానూ లేదు. లెక్కకు జవాబు ఎక్కడో తేడా వచ్చినప్పుడు పిల్లలు చూసే చూపు. ఇంగ్లీషు రాదనే కదా ఆ పిల్లను పంపేస్తున్నాం, ఆవిడ అన్నది దానికేం అర్థమవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అర్థమైతే? అర్థమయ్యీ, టీచరు మాటకు ఎదురు చెప్పకూడదని ఊరుకుంటే?

ఏడాది చివర తల్లీ పిల్లా వెళ్ళిపోయారు. నర్సయ్య గది ఖాళీ చేసి కంపెనీ క్యాంప్‌కు మారాడు. ఊరి దగ్గర ఏ బడీ నేరుగా పదిలో చేర్చుకోలేదట. వచ్చే ఏడు చూద్దామన్నారట. ఆ వచ్చే ఏడు రాలేదు. మా తరగతి మాత్రం పదిలో నూటికి నూరు తెచ్చుకుంది. బ్యానర్ కింద నన్ను నిలబెట్టి ఫొటో తీశారు. మా ఆయన దాన్ని ఫోన్‌లో దాచుకుని, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించేవారు. ఆయనకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ ఫొటో చూపించే ఆయన ముఖం చూసి ఆగిపోయేదాన్ని.

ప్రపంచ కప్‌కు ముందు వేసవిలో మా ఆయన గుండెపోటుతో పోయారు. ఆయన్ని ఊరికి పంపే ఏర్పాట్లు జరుగుతున్న రోజుల్లో ఇంటికి చాలామంది వచ్చారు. వాళ్ళలో నర్సయ్య కూడా ఉన్నాడు. చెప్పులు బయట విడిచి, గోడవారగా కూర్చుని, తెచ్చిన అరటిపళ్ళు నా పక్కన పెట్టాడు. "ఏం తింటలేరట గద" అన్నాడు. పళ్ళను ఇంకాస్త నా వైపు జరిపి అన్నాడు: "గా దినం మా దిక్కు మాట్లాడింది మీరొక్కరే టీచరమ్మా. మర్వలే నేను."

రవళి ఎలా ఉందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఇంటికాడ అమ్మతోని బీడీలు జేస్తది. గని ఫోన్ జేసినప్పుడు ఒక్కటే అడుగుతది. బాపూ, గా దినం మేడం నీకు మొత్తం చెప్పిందా అని. చెప్పింది బిడ్డా అంట. గదేం సవాలో నాకైతే సమజ్ గాదు." చిన్నగా నవ్వాడు.

నేను నోరు తెరిచాను. కింద క్యాంప్ బస్సు హారన్ కొట్టింది. ఆయనతో వచ్చినవాళ్ళు "యల్లా నర్సన్నా, బస్సు పోతది" అన్నారు. ఆయన లేచి, నాకు చేతులు జోడించి వెళ్ళాడు. ఆ హారన్ విని నాకు ప్రాణం లేచొచ్చింది. భర్త పోయిన మూడో రోజున, ఒక బస్సు సమయానికి వచ్చిందని సంతోషించాను.

ఆ తర్వాత ఏడ్చాను. అందరూ మా ఆయన కోసం అనుకున్నారు. ఆయన కోసం కూడా. ఎంత ఆయన కోసమో, ఎంత నాకోసమో విడదీయలేకపోతున్నాను. మా ఇల్లు చెదరకుండా ఉండాలని వాళ్ళ ఇల్లు చెదరగొట్టాను, మాదీ నిలవలేదు. ఇది శిక్ష అనుకుంటే నాకు సుఖంగా ఉంటుంది, లెక్క సరిపోయినట్టుంటుంది. అనుకోను. ఆయన చావు నా తప్పుకు చెల్లు కాదు. అది ఆయన చావు. నా తప్పు వేరే, ఇక్కడే, అలాగే ఉంది.

కప్ పనులు అయిపోయాక నర్సయ్య ఊరికి వెళ్ళిపోయాడట. ఆయన నంబరు ఇప్పుడు మోగదు. వెతికితే దొరుకుతాడు. వెతకలేదు. ఇది కూడా రాయాలి. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడిగితే ఆయన వెంటనే క్షమిస్తాడు, నాకు తెలుసు. దాన్ని తట్టుకునే శక్తి నాకు లేదు. ఇంతవరకు రాసేసరికి ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. అంతకంటే ఎక్కువ చెప్పుకోను.

రవళీ, లేదు. మొత్తం చెప్పలేదు. మిగిలింది ఇది.

నర్సయ్య గారూ, మీరు వద్దంటే పాపను ఎవరూ పంపించలేరు. పాప ఇక్కడే పరీక్ష రాస్తుంది. ఈ మాట మీకు తప్పకుండా చెప్పమన్నారు.