తెరతాడు మా నాన్నది

గోదావరి మీద రైలు వంతెన లేని రోజులవి. రాజమహేంద్రవరంలో మా రేవుకు కూతవేటు దూరంలో ఒక కామందుగారు నాటకాల కోసం ఇల్లు కట్టించారు. మనుషులు కాపురం ఉండటానికి కాదు, ధాన్యం పోసుకోవడానికీ కాదు. ఆట చూడటానికి అంత ఇల్లా అని ఊరంతా నోరెళ్లబెట్టింది. అంతవరకు ఆట అంటే మాకు వీధిలోనే. నాలుగు రాటలు, రెండు కాగడాలు, చుట్టూ జనం, అంతే.

పోలవరం ఎగువ నుంచి తెప్పలుగా కట్టి దించిన టేకు దుంగల్ని ఒడ్డుకు లాగింది మా పడవలవాళ్లమే. ఆ దుంగలు స్తంభాలుగా నిలబడ్డాక లోపలికి వెళ్లి ఒకదాన్ని కౌగిలించుకు చూశాను. చేతులు అందలేదు. తలెత్తితే పెంకుల కప్పు కింద పావురాలు ఎగురుతున్నాయి. అప్పటికి నాకు పాతికేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రిని. అయినా చిన్నపిల్లాడిలా ఆ స్తంభం చుట్టూ తిరిగాను. నేను ఒడ్డుకు లాగిన కర్రలేనా ఇవి అనిపించింది.

మాది చేపలు పట్టే ఇల్లు. మా నాన్నకు మాత్రం వలకన్నా సూదితోనే ఎక్కువ పేరు. రేవులో ఏ పడవ తెరచాప చిరిగినా ఆయన దగ్గరికే వచ్చేది. అందుకే నాటకశాల ముందుతెర కుట్టే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. ముతక గుడ్డ పట్టీలు అతికి, గోడంత బట్ట చేసి ఇచ్చాడు. తరవాత పడమటి దేశం నుంచి వచ్చిన బొమ్మలాయన తలుపులు బిగించుకుని, బట్టకు చింతగింజల జిగురు పట్టించి, దాని మీద రంగులు వేశాడు. అది పూర్తయ్యేదాకా ఎవర్నీ గుమ్మం తొక్కనివ్వలేదు.

మొదటి ఆట నాడే తెర ఇరుక్కుపోయింది. అడుగున ఉన్న గుండ్రటి కర్రకు బట్ట చుట్టుకుంటూ పైకి లేవాలి. చెరో పక్క ఒక మనిషి తాడు లాగాడు. ఒకడు ఊపిరి బిగబట్టి లాగితే, రెండోవాడు గంజి తాగి వారమైనట్టు లాగాడు. తెర ఏటవాలుగా సగంలో ఆగింది. జనం ఈలలు వేశారు. కామందుగారు కంగారుపడి మా నాన్నకు కబురు పెట్టారు. ఆయన వెనకగుమ్మంలోంచి వచ్చి, పైనున్న కప్పీలు చూసి, రెండు తాళ్లూ కలిపి ఒకే తాడుకు ముడేసి, పడవ మీద తెరచాప ఎత్తినట్టు ఒక్కడే లాగాడు. తెర తిన్నగా లేచింది. దాంతోపాటే అలవాటుకొద్దీ ఆయన నోట్లోంచి "హైలెస్సా!" అని పెద్ద కేక కూడా లేచింది. వేదిక మీద ప్రార్థన అందుకోబోతున్న వేషగాళ్లు నోళ్లు తెరిచి అలాగే ఉండిపోయారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆ రోజు నుంచి తెరతాడు మా నాన్నది. కేక మాత్రం పళ్లు బిగించి మింగేసేవాడు. "ఏం మావా, ఇయ్యాల పడవ ఏ రేవుకి?" అని వేషగాళ్లు ఆటపట్టించినా ఉలికేవాడు కాడు.

మూడేళ్లు ఒక్క ఆట తప్పకుండా లాగాడు. విడ్డూరం ఏమిటంటే, ఆ తెరను ఆయన ఎదురుగా ఒక్కసారీ చూడలేదు. పావురాలు పాడు చేస్తాయని పగలంతా చుట్టే ఉంచేవారు. జనాన్ని లోపలికి వదిలే ముందు దించేవారు. అప్పటికి ఆయన వెనకగుమ్మంలోంచి వచ్చి తాడు పట్టుకుని ఉండేవాడు. ఆయనకు తెలిసిందల్లా బట్ట వెనకవైపు: తను వేసిన అతుకులు, జిగురు ఊరిన మరకలు. తెర లేచిన ప్రతిసారీ అవతల వందల గొంతులు ఒక్కసారిగా "ఆహా" అనేవి.

"ఏం చూసి అంటార్రా అలాగ?" అని అడిగేవాడు ఇంటికొచ్చి.

నేను నేలమీద జనంలో కూర్చుని చూశాను కాబట్టి చెప్పేవాణ్ణి. తెర మీద మన గోదావరే ఉంటుంది నాన్నా, పడవలతో సహా. ఆ నది అడుగునుంచి చుట్టుకుంటూ పైకి పోతుంది. దాని వెనక వేదిక మీద రంగుల్లో గీసిన మేడ, మేడ వెనక తోట, తోట వెనక ఇంకో మేడ. రెండు బారల లోతు వేదికలో అంత దూరం ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. చెబుతున్నంతసేపూ ఆయన నా ముఖమే చూసేవాడు, అక్కడేమైనా కనపడుతుందేమోనని.

నాలుగో ఏడు ఆయన కళ్లకు పొర కమ్మడం మొదలైంది. సూదిలో దారం నేను ఎక్కించాల్సి వచ్చింది. ఈ ఎండాకాలం దాటితే మనుషుల్ని కూడా పోల్చుకోలేడని వైద్యుడు నాతో చాటుగా చెప్పాడు. ఆ తెర ఒక్కసారైనా చూడకుండా ఆ చూపు పోకూడదనుకున్నాను.

నాన్నతో అంటే ఒప్పుకోలేదు. "ఆట నాడు తాడు ఇంకోడి చేతికా? మళ్లీ ఈలలు ఏయించుకోడానికా?"

కామందుగారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకు నిలబడ్డాను. "మా నాయన్ని ఒక్కసారి తెరకి ఎదురుగా కూర్చోబెట్టాలండి. ఆట లేనప్పుడేనండి."

"మూడేళ్లయింది, నాకే తోచలేదేంటిరా ఈ సంగతి?" అన్నారాయన. "రేపు మధ్యాహ్నం తలుపులన్నీ తీయించి, వెనక మేడా తోటా కూడా నిలబెట్టిస్తాను. నా కుర్చీలో కూర్చోబెట్టు."

మర్నాడు మా నాన్న, ఆ ఇల్లు కట్టాక మొదటిసారి, ఎదుటి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. కుర్చీ ముట్టుకోలేదు. దాని పక్కనే నేలమీద చాప పరుచుకుని కూర్చున్నాడు. నేను వెనక్కి వెళ్లి, తెర దించి, తాడు పట్టుకున్నాను. అవతల ఎంతసేపటికీ చప్పుడు లేదు. బొమ్మ చూస్తున్నాడో, చూపే ఆనడం లేదో తెలియలేదు. అడగడానికి భయమేసింది.

అంతలో అన్నేళ్లుగా మింగిన కేక ఆ ఖాళీ ఇల్లంతా మోగింది.

"హైలెస్సా!"

లాగాను. కప్పీలు కిర్రుమన్నాయి. కర్ర దొర్లుతూ, నది చుట్టుకుంటూ పైకి పోయింది. తెర పూర్తిగా లేచాక అవతలి నుంచి ఒకే ఒక్క గొంతు, చిన్నగా, వణుకుతూ, "ఆహా" అంది. నా ఒళ్లు జలదరించింది. ఆ మాట వందలమంది అన్నప్పుడు విన్నాను, ఎప్పుడూ అలా కాలేదు.

"ఒదలకురా," అన్నాడు కాసేపటికి. "అలాగే పట్టుకో. ఇంకాసేపు."

పట్టుకున్నాను. పరుగెత్తుకెళ్లి ఆయన ముఖం చూడాలని ప్రాణం కొట్టుకుంది. కానీ తాడు నా చేతిలో ఉంది. ఆ మధ్యాహ్నం మా నాన్న ముఖం ఎలా ఉందో నేను చూడనేలేదు.