గోడకు పోసిన చెంబెడు నీళ్ళు

మా గడీలో ఏ పని ఎవరిదని ఎవరూ ఎవరినీ అడిగిన గుర్తు లేదు. పనులన్నీ ఊరివాళ్ళవి, నీడ మాది. అందుకే సూర్యాపేటలో ఒక మేస్త్రీ నా ఎదుట గొంతుక్కూచుని "ఇది ఎవరి పాలు దొరా?" అని ఒక్కొక్క పనీ పేరుపెట్టి అడుగుతుంటే, అది బేరమని నాకు తోచలేదు. మర్యాద చేస్తున్నాడనుకుని మీసం సవరించుకున్నాను.

మా ఊరు వేములపల్లి దాటి లోపలికి పోతే వస్తుంది. సైన్యం వచ్చి రజాకార్ల గొడవ ఆగేనాటికి మా గడీకి గోడలు మిగిలాయి గాని పైకప్పు మిగలలేదు. మా టేకు దూలాలు ఊళ్ళో చాలా ఇళ్ళను నిలబెట్టాయని తరువాత విన్నాను. గడీలో ఉన్నన్నాళ్ళూ నేను వాటిని తలెత్తి చూసినవాణ్ణి కాదు. పోయిన తరువాత మాత్రం ఒక్కొక్క దూలమూ పేరుపేరునా గుర్తుకొచ్చేది.

మేము కోదాడలో నా భార్య పుట్టింట తలదాచుకున్నాం. బావమరిది మంచివాడు, ఏ లోటూ చేయలేదు. కాని మా అమ్మ కోడలి పుట్టింట అన్నం ముట్టనంది. వాళ్ళ పశువుల కొట్టంలో ఒక మూల మూడు రాళ్ళు పెట్టుకుని, తన గింజలు తానే వండుకుని తినేది. కొట్టం కప్పులోంచి ఎండ నాణేల్లా నేల మీద పడేది. ఎండ పడే చోట వాన కూడా పడుతుందని మా అందరికీ తెలుసు.

"మిరుగు కార్తె వానలకు ముందల నా పొయ్యి నీ ఇంట్ల ఉండాలె" అంది అమ్మ ఒకనాడు. "లేకుంటే మన ఊరికి పోయి ఆ మొండిగోడల నడుమనే కూసుంట."

"అక్కడ కప్పు లేదు కదనే అమ్మా."

"ఈడ ఉన్నదా మరి?"

మా ఊరి వైపు ఇంకా పొద్దుగూకితే తుపాకులు మోగుతున్నాయి. అమ్మ అన్నంత పని చేసే మనిషి. అప్పటికే మూట కట్టి గుంజకు ఆనించి పెట్టింది.

సూర్యాపేట శివారులో, తుమ్మచెట్ల పక్కన, తాతగారి కాలంలో మా బండ్లు ఆగే జాగా ఒకటి మాకు మిగిలి ఉంది. అక్కడ ఇల్లు కట్టాలని ఆ ఎండాకాలం మొదట్లో బయలుదేరాను. పక్కనే ఒక చిన్న కొట్టు కిరాయికి తీసుకున్నాను.

మేస్త్రీకి కాగితాల మీద నమ్మకం లేదు. అతనిది ఒక పద్ధతి. నేల మీద కర్రతో గీత గీస్తాడు. గీతకు అటువైపు తనది, ఇటువైపు ఇల్లు కట్టించుకునే వాడిది. పని పేరు చెప్పి ఒక కంకరరాయి చేతిలో పెడతాడు. ఎవరి పాలైతే అటువైపు ఆ రాయి పెట్టాలి. సాక్షులుగా చుట్టుపక్కల వాళ్ళను కూచోబెడతాడు. ఆ రోజు పక్కింటి దర్జీ, సున్నం మోసే ముసలామె సాక్షులు.

"గోడలకు రాయి?" అన్నాడు మేస్త్రీ.

"మాది."

"సున్నం? దాన్ని నూరే గానుగ?"

"సున్నం మిర్యాలగూడ బట్టీల నుంచి నేను తెప్పిస్త. గానుగ తిప్పుడు నీది."

"గోడ వంకరొస్తే నాది. నన్ను తిట్టుండ్రి, పడత. ఏ అర్ర ఎక్కడుండాలె, కప్పు ఏది కప్పాలె, అది మీరే చెప్పాలె. నేను నోరు తెరవ. రేపు దొరసాని వచ్చి వాకిలి ఇటెందుకు పెట్టినవని నా మీదికొస్తే నేను ఊకోను."

"సరే."

"నీళ్ళు?"

"నీళ్ళు పోసుడు కూడ ఒక పనేనా? మా మనుషులు పోస్తరు" అన్నాను.

మేస్త్రీ నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. అక్కడ ఒక మేక తుమ్మకాయలు ఏరుకుంటోంది.

"మనుషులు వస్తరు" అన్నాను.

"జర సోంచాయించి పెట్టుండ్రి దొరా. సున్నం గోడ పసిపిల్ల లెక్క. పొద్దున, మాపున కడుపునిండ తాగాలె."

నేను రాయి నా వైపే పెట్టాను. కొంచెం చప్పుడయ్యేలా పెట్టాను కూడా. మా మనుషులు అన్న మాట తాతముత్తాతల నుంచి మా నాలుకకు అలవాటైంది. మనుషులు వెళ్ళిపోయినా మాట మాత్రం నన్ను వదలలేదు.

గోడలు మోకాటి ఎత్తు లేచాయి. మనుషుల కోసం కోదాడ వెళ్ళి బావమరిదిని అడిగాను. ఇద్దరు జీతగాళ్ళను కొన్నాళ్ళు పంపమన్నాను.

"జీతగాళ్ళా?" అన్నాడతను చేతులు కడుక్కుంటూ. "వాళ్ళందరూ సంఘంలో చేరారు బావగారూ. పొద్దుటి నుంచీ పేడ నేనే ఎత్తుతున్నానండీ. మీరెటూ వచ్చారుగా, ఆ గంప కాస్త అందుకుంటారా?"

నాకు బస్సు వేళయిందని చెప్పి లేచాను.

తిరిగి వచ్చేసరికి మేస్త్రీ గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. "దొరా, గోడ నీళ్ళు లేక దూప మీదున్నది. మీ మనుషులు ఇంక రాకపాయె. ఒక్క మాట అనుండ్రి, మా ఆడోళ్ళతోని పోయిస్త. సాక్షులను పిలిచి ఆ రాయి ఇటు మారుద్దాం."

సాక్షుల ఎదుట రాయి మార్చడం! ఊళ్ళకు ఊళ్ళు చేజారాయి గాని, పెట్టిన కంకరరాయి వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు. "అక్కరలేదు, ఇయ్యాల్టి నుంచి పోస్తరు" అన్నాను.

పోయవలసింది నేనే. బావి బాటకు అవతల ఉంది. బిందె భుజానికెత్తుకుని నడిస్తే సూర్యాపేట మొత్తం చూస్తుంది. బాగా ఆలోచించాను. తెల్లవారుజామున చెంబు పట్టుకుని తుమ్మచెట్ల వైపు పోయే మగవాణ్ణి ఎక్కడికని ఎవరూ అడగరు. ఎంత గొప్పవాడైనా ఆ పనికి చెంబు తానే పట్టుకుపోవాలి. దానివల్ల పరువుకు వచ్చే నష్టమేమీ లేదు. మా జాగా ఆ చెట్ల పక్కనే. ఇంతకంటే గొప్ప ఉపాయం మా దివాన్లకు కూడా తట్టి ఉండదని నన్ను నేను మెచ్చుకున్నాను.

తలకు రుమాలు చుట్టి, పెద్ద ఇత్తడి చెంబు తీసుకుని బయలుదేరాను. నింపుకుని పోయి, గోడ మీద పోసి, ఖాళీ చెంబుతో గంభీరంగా తిరిగి వచ్చేవాణ్ణి. మళ్ళీ నింపుకుని పోయేవాణ్ణి. సాయంత్రం కూడా అంతే. ఒక మనిషి ఆ వైపు ఒకసారి పోతే ఎవరూ అడగరన్నది నిజమే. ఆగకుండా పోతూనే ఉంటే ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

కొన్నాళ్ళకు దర్జీ ఒక చేతిలో మజ్జిగ ముంత, ఒక చేతిలో పొట్లం పట్టుకుని వచ్చాడు.

"ఎన్నొద్దుల సంది దొరా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏది?"

"నా దగ్గర ఏం శరం? చెంబు పట్టుకొని ఉరుకుతనే ఉన్నరు. మా ఇంటామె సూసి సూసి పరేషానైతున్నది. ఇది దానిమ్మ తొక్క పొడి. మజ్జిగల కలుపుకొని తాగుండ్రి, ఒక్క దెబ్బకు ఖతం."

గోడకు నీళ్ళు పోస్తున్నానని చెప్పవచ్చు. చెబితే మా మనుషులెవరో అతనికి తెలిసిపోతుంది. రోగమైతే రాజులకూ వస్తుంది. "కొంచెం నయమే" అని, అతని ఎదుటే గటగటా తాగాను.

అది మంచి మందు. లేని రోగానికి వేసుకుంటే ఏమవుతుందో ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ తరువాత కొన్నాళ్ళ పాటు నేను చెంబు పట్టుకుని పోయిందల్లా గోడ కోసమే.

గోడలు తలెత్తు దాటాక మేస్త్రీ ఒకనాడు తాపీ మొనతో సందులో గీశాడు. సున్నం పిండిలా రాలింది.

"దొరా, మీ మనుషులు గోడకు నీళ్ళు పోస్తున్నరా, తీర్థం ఇస్తున్నరా?"

"పోస్తున్నరు."

"ఈ పై వరసలు నిలవయి. ఇప్పి మళ్ళ కట్టాలె. దీని మీద మిద్దె ఏస్తే వానలకు కూలుతది. తప్పు గీతకు నా దిక్కుదైతే నేనే ఇప్పుదును. ఇది మీ దిక్కుది."

కార్తె దగ్గరికొచ్చేసింది. ఈ లోపల నా రోగం సంగతి బండివాళ్ళ వెంట కోదాడ చేరింది. సూర్యాపేటలో కడుపునొప్పిగా బయలుదేరింది దారిలో పెరిగి, కోదాడలో కలరా గత్తరగా దిగింది.

మరునాడు ఎండెక్కే వేళ నేను బావి నుంచి నిండు చెంబుతో వస్తున్నాను. నీళ్ళు ఎంత పోసినా చాలడం లేదని ఎండలో కూడా తిరుగుతున్నాను. మా జాగా ముందు బండి ఆగి ఉంది. అమ్మ, నా భార్య, బావమరిది దిగారు. అమ్మ మూట, కుండలు కూడా దిగాయి. మేస్త్రీ, ముసలామె, దర్జీ చుట్టూ నిలబడ్డారు.

అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "నాలుక చాపు" అంది. అందరి ముందూ చాపాను. తిప్పి తిప్పి చూసింది.

"నీకేం రోగం లేదు. చేతిల చెంబేంది?"

నేను తప్ప చెప్పగలవాళ్ళు అక్కడ లేరు.

"గోడకు" అన్నాను.

"గోడకు చెంబుతోని పోస్తరా రా!"

ముందు ముసలామె నవ్వింది. "ఓ యమ్మా, నేను దొర తుమ్మసెట్లన్నిటికీ ఎరువేస్తుండనుకుంటి!" అని గంప కిందపెట్టి కూలబడింది. నా భార్య గోడ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం దాచుకోలేకపోయింది. దర్జీ తన పొడి ఎవరికి వేశాడో తలుచుకుని తల గోక్కున్నాడు. బావమరిది మెల్లగా దగ్గరికొచ్చి, "మేం అన్నిటికీ సిద్ధపడే వచ్చాం బావగారూ. ఇలా నిలబడి ఉంటారనుకోలేదండీ" అన్నాడు. అతని గొంతులో సంతోషంతో పాటు కొంచెం శ్రమ వృథా అయిన ధ్వని కూడా వినిపించింది.

అమ్మ నవ్వలేదు. మేస్త్రీ వైపు తిరిగింది. "వానకు ముందల కప్పు పడతదా?"

"మిద్దె పడదు దొరసానీ. తాటికమ్మలైతే ఒక్క అర్ర రెండొద్దులల్ల కప్పుత. ఆ బరువుకు గోడ ఆగుతది. కానీ ఏ కప్పో చెప్పుడు నా పాలుకు రాదు. దొర చెప్పాలె."

"నేనైతే ఇగ కోదాడ పోను" అంది అమ్మ. "కొట్టంల నిన్ననే ఒక జల్లు పడి పొయ్యి తడిసింది. ఈడ కాకుంటే ఇదే బండిల మన ఊరికి పోత."

బండివాడు అప్పటికే ఎడ్లను మళ్ళిస్తున్నాడు. అందరూ నా నోటి వైపు చూశారు.

మా ఊళ్ళో తాటికమ్మల కింద ఉన్నవాళ్ళను నేను చాలామందిని చూశాను, కాని గుమ్మం బయటి నుంచి. ఇల్లంటే నా మనసులో ముందు ఉన్నది ముందటి సావిడి. నాలుగు రాతి స్తంభాలు, మధ్యలో నా కుర్చీ, ఎదుట నిలబడటానికి జనం. ఆ జనం ఎక్కడి నుంచి వస్తారో అడిగితే మళ్ళీ మా మనుషులు అనేవాణ్ణేమో.

"తాటికమ్మలు" అన్నాను.

"ఇనబడలే దొరా" అన్నాడు మేస్త్రీ. నిజంగానే వినబడలేదా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.

"తాటికమ్మలే కప్పు! వెనక అర్రకు!" అని అరిచాను. బాటన పోయేవాళ్ళు ఆగి చూశారు.

"ముందటి సావిడి?"

"అది ఇప్పటికి ఆగనీ."

బండివాడు ఎడ్లను విప్పాడు. నా భార్య బిందె తీసుకుని బావి వైపు నడిచింది. నేను దర్జీ ఇంట్లో కావడి అడిగి తెచ్చాను. కావడి మోయడంలో ఒక ఒడుపు ఉంది. అది నాకు రాలేదు. బాట పొడుగునా నీళ్ళే. బావమరిది పంచె ఎగగట్టి వెనకాల వస్తూ, "కుడివైపు వంచండి బావగారూ, కుడివైపు, అయ్యో అది నా కాలండీ" అంటూనే ఉన్నాడు. ఇద్దరం పట్టపగలు ఆ అర్ర నాలుగు గోడలూ తడిపాం.

కార్తె ప్రవేశించిన రోజే వాన దిగింది. అర్రకు కప్పు పడింది గాని తలుపు ఇంకా రాలేదు. వాకిటికి తాటాకు తడక అడ్డంపెట్టాం. గాలికి అది నిలవడం లేదు. నేను సావిడి రావలసిన చోట, నడివానలో నిలబడి బయటి నుంచి దాన్ని రెండు చేతులా ఒత్తిపట్టుకున్నాను. రుమాలు వదులై కళ్ళ మీదికి జారింది. సవరించుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"జర గట్టిగ పట్టుకో రా, పొయ్యి ఆరిపోతది!" అని లోపలి నుంచి అమ్మ కేకేసింది.

గట్టిగా పట్టుకున్నాను. తడక సందులోంచి పొగ వచ్చి కళ్ళు మండాయి. కొంతసేపటికి అమ్మ కంచం ముందుకు లాక్కుని కూచోవడం ఆ సందులోంచే కనబడింది. తలెత్తకుండా తిన్నది. తరువాత నా భార్యను పిలిచి, ఇంకొంచెం అన్నం పెట్టమంది.