కుప్పబడ్డ కందులు

ఈ రోజు తాండూరులో మా ఇంటి ముందు నాపరాళ్ల మీద కందులు ఎండబోస్తుంటే, హైదరాబాదు ల్యాబులో పనిచేసే చెల్లెలు రాధ తన పని గురించి చెప్పింది. మామూలు కణాలు పక్కదాన్ని తాకగానే పెరగడం ఆపేస్తాయట. పెరిగేలా చేసే జన్యువును వైరస్‌తో లోపలికి పంపితే, ఆగకుండా ఒకదానిమీదొకటి ఎక్కుతాయట. పరిచిన కందులను కుప్పచేసి చూపింది.

"ఒంట్ల గా కుప్ప నొస్తదా?" అన్నాను.

"మొదట్ల నొయ్యదు. ఎందుకడుగుతున్నవక్కా?"

మూడు నెలలుగా దేవుడికొక్కడికే చెప్పుకుంటున్న రొమ్ములోని గడ్డ సంగతి చెప్పాను.

"దేవునికి చెప్పినవు గని నాకు చెప్పకపోతివా? రేపు పొద్దుగాల బస్సుకే దవాఖానకు పోదాం."

సాయంత్రం ప్రార్థనలో ఏమీ అడగలేదు, ఊరికే కూర్చున్నాను. మీరైతే ముందు ఎవరికి చెప్పేవారు?