గోనెపట్టా కింది ఇంజన్

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. బయటికి వచ్చి మాట్లాడేలోపే ఆమె పెట్టేసింది. నరసరావుపేట ఆసుపత్రి నుంచి రొంపిచెర్ల తీసుకొస్తున్నామని, నేరుగా ఇంటికే రమ్మని తర్వాత మెసేజ్ వచ్చింది. ఆయన, నాకు ఊహ తెలియకముందే పోయిన మా అమ్మకు అన్న. నాన్న పోయాక నా స్కూలు కాగితాలన్నిటి మీదా సంతకం పెట్టిన మనిషి. కృతజ్ఞతగా నాలుగు మాటలు రాయాలనే కూర్చున్నాను. రాయవలసింది ఇంకొకటి కూడా ఉంది.

చిన్నప్పుడు నేను మాట్లాడేదాన్ని కాదు. కాన్వెంటు హాస్టల్లో ఆదివారాలు చూడటానికి వచ్చినవాళ్లను సిస్టర్లు వరండా బెంచీల మీద కూర్చోబెట్టేవారు. మావయ్య గ్రీజు వదలని చేతులు బెంచీకి తగలకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"అన్నం బాగుంటందా?"

తల ఊపేదాన్ని.

"నోరుండగా తలెందుకే ఊపుతావు? గంగిరెద్దువా?"

నేను నోటితో చెప్పేదాకా లేచేవాడు కాదు.

నాన్న జీపు సంగతీ ఆ బెంచీ మీదే అడిగాడు. అది పాత పెట్రోలు బండి. నాన్న అందులో మాచర్ల క్వారీలకు తిరిగేవాడు. ఆయన పోయాక మావయ్య షెడ్డులో ఊరికే పడి ఉంది.

"పెట్రోలుకి యాడ తట్టుకుంటామే. డీజిలు ఇంజనేస్తా. పొలానికన్నా పనికొస్తది."

"నాన్న ఇంజన్?"

"అది నీదే. గోనెపట్టా చుట్టి దాస్తా. నువ్వు సరేనంటేనే. తల ఊపమాక."

సరే అన్నాను. నన్ను అడిగి ఒక పని చేసిన మొదటి మనిషి ఆయనే.

వేసవి సెలవుల్లో పని మొదలైంది. ప్రమాదంలో దెబ్బతిన్న ఒక బండి నుంచి డీజిల్ ఇంజన్ తెచ్చాడు. అది పాత గేరుబాక్సుకు అతకలేదు. మధ్యలో బిగించడానికి లేతు షాపులో ఇనుప ప్లేటు చేయించాడు. కొత్త ఇంజన్ బరువుకు ముందు కమాను స్ప్రింగులు కుంగితే పట్టీలు చేర్చాడు. అత్తకు ముహూర్తం పట్టింపు. రాహుకాలం రాకముందే బండి కదలాలంది. ఆ తొందరలో ఫ్యానుకూ రేడియేటరుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ఎవరూ చూడలేదు. చక్రాలు నిమ్మకాయలు తొక్కాయో లేదో, ఇంజన్ ఊగి ఫ్యాను రేడియేటరును కోసేసింది. వాకిలంతా నీళ్లు.

"ముహూర్తం చానా బాగుందే. బండి తలంటుకుంది," అన్నాడు మావయ్య.

"పుచ్చు నిమ్మకాయలు తెస్తే ఇట్టాగే ఉంటది," అంది అత్త.

నేను గట్టిగా నవ్వేశాను. మావయ్య నా వైపు చూసి, పాడైన రేడియేటరు సంగతి మరిచిపోయినట్టు తనూ నవ్వాడు.

ఏటా దసరాకు జీపుకూ ట్రాక్టరుకూ పూజ అయ్యాక, షెడ్డు మూలన గోనెపట్టా చుట్టి తాళ్లతో కట్టిన మూటకు నా చేత పసుపు కుంకుమ పెట్టించేవాడు. తుప్పు పట్టకుండా అంటూ పైనుంచి కాస్త ఆయిలు పోసేవాడు. "మీ నాన్నకేమన్నా చెప్పుకో," అని పక్కకు తప్పుకునేవాడు. చెప్పుకునేదాన్ని. ఇంకెవరికీ చెప్పనివి.

పెద్దకర్మకు ముందురోజు వంటవాళ్ల కోసం షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది. మూటను జరపబోతే తాడు తెగింది. లోపల నాపరాళ్లు. పైనుంచి తడిమితే ఇంజన్ అనిపించేలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆయిలు పీల్చి నల్లబడ్డాయి. తనకేమీ తెలియదంది అత్త. ఆమె ముఖం చూస్తే నిజమే అనిపించింది.

మర్నాడు వినుకొండ నుంచి మావయ్య స్నేహితుడు ఒకాయన పాత జీపులో వచ్చాడు. నేను లోపలి నుంచి వచ్చేసరికి వాకిట్లో చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"నీ మేలు మర్చిపోనమ్మా. నా బండి మూలనపడితే మీ నాన్న ఇంజనిప్పించావు. ఇయ్యాల్టికీ అదే తిరుగుతంది."

"ఎవరు చెప్పారండీ?"

"మీ మావయ్యే. ఇంజనన్నాక తిరగాల, మూటలో పెట్టుకుని ఏం చేసుకుంటాం, మా అమ్మాయే ఇమ్మంది, తీసుకుపోరా అన్నాడు."

ఇచ్చినందుకు కాదు నా బాధ. అడిగితే ఏడ్చి, నాలుగు రోజులకు సరే అనేదాన్నేమో. నా చేత మాట్లాడించడానికి అన్ని ఆదివారాలు కూర్చున్న మనిషి, ఆ ఒక్క మాటా నా బదులు తనే చెప్పేశాడు. ఆ తర్వాత దసరా దసరాకూ నన్ను రాళ్ల ముందు కూర్చోబెట్టాడు. పక్కకు తప్పుకునేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. రావడం లేదు. ఆయన పెట్టిన అన్నం తిని పెరిగాను. అయినా ఇది క్షమించలేకపోతున్నాను.

"ఏందమ్మా, తప్పేమన్నా అన్నానా?" అన్నాడాయన.

అప్పటికే విస్తళ్లు వేస్తున్నారు. అత్త మా వైపే చూస్తోంది. ఊరుకుంటే మావయ్య చెప్పింది నిజమైపోతుంది.

"నేను ఇమ్మనలేదండీ. నాకు తెలియనే తెలియదు," అన్నాను.

ఆయన కండువాతో మూతి తుడుచుకున్నాడు. "విప్పి తెచ్చిస్తానమ్మా. రేపే తెచ్చిస్తా."

"వద్దండీ. ఉంచుకోండి. ఇప్పుడు నేనే చెబుతున్నాను."

వెళ్లేటప్పుడు ఆయన జీపెక్కి, తాళం దాకా చేయి పోనిచ్చి, అరుగు మీదున్న నన్ను చూసి ఆగాడు. స్టార్టు చేయకుండానే మళ్లీ దిగాడు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, భుజం ఆనించి, బండిని సందు మలుపు దాకా తోసుకుంటూ పోయాడు. టైర్ల కింద కంకర నలుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.