అడుగున సంతకం ఉన్న కుండ

మా చిన్నప్పుడు మా ఇంట్లో నోరు లేని కుండలు పదకొండు ఉండేవి...

కుండలు అన్నది ఓబులమ్మ మాట. నాన్న వింటే ముఖం చిట్లించేవాడు. అవి అమెరికా కళాకారులు తమ స్టూడియోల్లో మట్టితో చేసి, గ్లేజు పూసి కాల్చిన శిల్పాలు. ఒకటి నెమలికంఠం రంగులో మెలిక తిరిగి ఉండేది. ఇంకోటి మాడిన పెనంలా, ఒళ్ళంతా గుంటలతో... చేప అనుకుంటే చేప, బొంగరం అనుకుంటే బొంగరం.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నాన్న సౌదీలో, రాస్ తనూరా చమురు శుద్ధి కర్మాగారంలో ఇంజినీరు. దాడుల భయంతో అమెరికా కుటుంబాలు చాలా వరకు ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న రోజులు. తోటి తెలుగువాళ్ళు వాళ్ళ దగ్గర ఫ్రిజ్జులూ సోఫాలూ కొంటే నాన్న ఇవి కొన్నాడు. ప్రేమతోనే కొన్నాడు, కాదనను. డ్యూటీ నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా వాటి ముందు నిలబడేవాడు. మట్టిని అంతగా ప్రేమించినవాడు మట్టి తెలిసిన మనిషిని ఏం చేశాడన్నదే నా గొడవ.

ఓబులమ్మది కడప వైపు. కుమ్మరుల ఇంటి మనిషి. ఒక సౌదీ ఇంటి వీసా మీద వచ్చింది. ఆ ఇంటాయనే ఆమె కఫీల్, అంటే వీసాకు పూచీదారు. నాన్నకు తెలిసినవాడు కాబట్టి మా ఇంటి పనికి పంపాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉండేది. ఆయనకు కోపం వస్తే దాని మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి విమానం ఎక్కించడమే. ఊళ్ళో కూతురు నర్సింగు చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది. "ఈ యేడు గడిస్తే సాలు పాపా" అని బట్టలు మడతపెడుతూ రోజూ అనేది. మా అమ్మ వయసు మనిషిని పదకొండేళ్ళ నేను పేరు పెట్టి పిలిచేదాన్ని. ఎవరూ తప్పనలేదు.

వచ్చిన మొదటిరోజే దుమ్ము తుడుస్తూ ఒక్కోదాన్నీ వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టింది. నెమలికంఠం రంగుదాని దగ్గర ఆగింది. మళ్ళీ తట్టింది.

"సార్, ఇది మోగడం ల్యా. లోపల నెర్రె ఉండాది. ఒకపక్క కిటికీ ఎండ, ఒకపక్క ఏసీ సలవ... ఆడ పెట్టొద్దండి. ఎత్తినారంటే రెండవుతాది."

నాన్న నవ్వాడు. "దీని ఖరీదు తెలుసా నీకు?"

"ఖరీదు నాకేం తెలుసు సార్. మట్టి తెలుసు. ఇట్టాంటిదాన్ని మా నాయన సంతకు తీస్కపోనిచ్చేవాడు కాదు."

ఆ మాట మా ఇంటికొచ్చే ప్రతి అతిథికీ జోకు అయిపోయింది. ఆమె మాత్రం తుడిచిన ప్రతిసారీ ఓసారి తట్టి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేది...

ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి నాన్న స్నేహితుడు డాక్టరు గారు వచ్చారు. "ఏమండీ, అంత దూరం నుంచి తెచ్చారు, నోరు పెట్టడం మరిచిపోయారా?" అన్నారు. నాన్నకు చురుక్కుమంది. "సంతకం చూడండి, మీకే తెలుస్తుంది" అంటూ నెమలికంఠం రంగుదాన్ని ఎత్తి తలకిందులు చేశాడు. వచ్చినవాళ్ళందరికీ అలాగే చూపించేవాడు.

సగం చేతిలో ఉంది. సగం నేల మీద ముక్కలైంది.

వంటింట్లో అప్పడాలు వేయిస్తున్న ఓబులమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"నువ్వే. రోజూ తట్టి తట్టి పగలగొట్టావు" అన్నాడు నాన్న.

ఆమె గొంతు పెంచలేదు. ఒక ముక్క తీసి అంచు చూపించింది. "సూడండి సార్. ఈడ తెల్లగా ఉండాది, ఇది ఇప్పుడు ఇరిగింది. ఈ పక్కంతా పచ్చగా ఉండాదే, ఇది జిగురు. ఎప్పుడో పగిలిందాన్ని అతికించి, పైన రంగు తీర్చి మీకు అమ్మినారు."

డాక్టరు గారు వంగి చూశారు. జిగురు గీత ఆయన కళ్ళ ముందే ఉంది. తర్వాత నిటారుగా లేచి, "వంటింట్లో ఏదో మాడుతున్నట్టుంది చూడమ్మా" అన్నారు.

నాన్న నా వైపు తిరిగాడు. "చిన్నీ, ఈమె రోజూ దీన్ని తట్టడం చూశావు కదా?"

చూశాను. ఎందుకు తట్టేదో, ఏం చెప్పిందో కూడా విన్నాను. అది ఎవరూ అడగలేదు... తల ఊపాను.

మోసం చేసిన అమెరికావాడు విమానమెక్కి వెళ్ళిపోయాడు. నిజం చెప్పిన మనిషి చేతికందే దూరంలో ఉంది. నాన్న ఫోన్ తీశాడు.

రెండు రోజులకు ఆమెను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళడానికి కఫీల్ కారు వచ్చింది. అమ్మ పాత చీర ఒకటి ఇవ్వబోయింది. ఓబులమ్మ తీసుకోలేదు. గుమ్మం దగ్గర నా ముందు ఆగింది.

"నువ్వు ఇన్నావు గదా పాపా" అంది. అంతే.

"ఆ రోజుల్లో అందరూ అంతేలే" అని కామెంట్ పెట్టబోయేవాళ్ళకు ముందే చెబుతున్నా. అంతే కాదు. డాక్టరు గారు వంగి చూశారు. నాన్న చూశాడు. తెలియక చేసింది కాదది... తెలిసీ చేశారు. నేనూ చేశాను.

ఆ పదకొండూ ఇప్పుడు హైదరాబాదులో నాన్న అద్దాల బీరువాలో ఉన్నాయి. పగిలినదాన్ని మళ్ళీ అతికించాడు. ఎవరైనా అడిగితే "పనిమనిషి పగలగొట్టింది" అంటాడు. మొన్న వెళ్ళినప్పుడు, అది చేసినవాడి పేరేమిటని అడిగాను. పేరు, ఊరు, చదివిన కాలేజీ, ఎలాంటి ఆవంలో ఎంత వేడికి కాల్చాడో... అన్నీ గడగడా చెప్పాడు.

"ఓబులమ్మ ఇంటిపేరేమిటి నాన్నా?"

టీవీ సౌండ్ పెంచాడు.

ఇప్పుడు సెలవు రోజుల్లో డబ్బు కట్టి మరీ కుండలు చేయడం నేర్చుకుంటున్నారు మన స్నేహితులు. మట్టి చేతులతో ఫొటోలు పెడుతున్నారు. చూసి లైకు కొడుతూనే ఉంటాను... ఒక కుమ్మరి ఇంటి మనిషిని, మట్టి తెలుసన్నందుకే, మేం విమానం ఎక్కించాం.

మీ ఇంట్లో పనిచేసినవాళ్ళ గురించి కింద రాయండి. వంట ఎంత బాగా చేసేవారో వద్దు. ఇంటిపేరుతో సహా పేరు రాయండి... తెలిస్తే.

నాకు తెలియదు. కూతురు నర్సయిందో లేదో కూడా తెలియదు.